వండినవాళ్ళు వచ్చి కూర్చోవాలి

మేనకోడలి పెళ్ళి భోజనాన్ని ముందుగా, ఎవరికీ తెలియకుండా రుచి చూసి రావాలన్న ఆలోచన నాదే. ఈ సంగతి మొదటే ఒప్పుకుంటే చివర్లో మా ఆవిడ చెప్పాల్సిన పని ఉండదు. అయినా చెబుతుంది.

హాలు పెద్దరోడ్డు మలుపులో ఉంది. పైన పెళ్ళిళ్ళ హాలు, కింద హోటలు. రెండింటికీ ఒకటే వంటగది. ఆ హాలును ఎంచుకున్నది మా అక్క. ఒంట్లో బాగున్న రోజుల్లో ఒక్కతే వెళ్ళి, హాలు నడిమధ్య నిలబడి, వేదిక ఎటువైపు ఉండాలో చేత్తో చూపించి, "ఇక్కడే" అందట. కింద హోటల్లో కూర్చుని సూపు ఒకసారి తిప్పి పంపిందట. రెండోసారి వచ్చింది తాగి, కూతురి పెళ్ళి అక్కడే అని మాట ఖాయం చేసి ఇంటికొచ్చింది.

ఆ తర్వాత రెండు జరిగాయి. హాలు చేతులు మారింది. అక్క పోయింది.

హోటల్లో మా అక్క పద్ధతి వేరు. గొంతు పెంచేది కాదు. వంట బాగాలేకపోతే చెంచా పక్కన పెట్టి, వెయిటర్‌తో నెమ్మదిగా ఒకే మాట చెప్పేది. "వండినవాళ్ళని రమ్మనండి. వచ్చి నాతో కూర్చుని ఇది తినాలి."

వాళ్ళు వచ్చేదాకా చెంచా ముట్టుకునేది కాదు. చివరికి లోపలినుంచి ఎవరో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, తాము వండింది తాము రెండు ముద్దలు తినేవారు. వాళ్ళ ముఖమే మిగతాది చెప్పేది. అదంతా జరుగుతున్నంతసేపూ నేనూ మా ఆవిడా పైకప్పు చూస్తూ కూర్చునేవాళ్ళం. ఈ ఊళ్ళో ఏ హోటల్లో ఏ ఫ్యానుకి రెక్క వంకరగా ఉందో నాకు తెలిసినట్టు బిగించినవాడికి కూడా తెలియదు.

"మీ అక్కతో హోటలుకి వెళ్ళడం కన్నా పన్ను పీకించుకోవడం నయం. అక్కడ కనీసం మత్తిస్తారు," అనేది మా ఆవిడ.

నేను అక్కకి సరిగ్గా తిరగేసినవాణ్ణి. బళ్ళో పిల్లలు నాకు పెట్టిన పేరు పాసు మాస్టారు. ఎదుటివాడు కాస్త ఆశగా చూస్తే చాలు, నా చేతిలో మార్కు దానంతట అదే పెరుగుతుంది. హోటల్లో అయితే వెయిటర్ నోరు తెరవకముందే "బాగుంది" అనేస్తాను. ఒకసారి వాడింకా ఏమీ తీసుకురాలేదు.

అలాంటి నాకు అక్క ఒక పని అప్పగించి వెళ్ళింది. మంచం మీద ఉన్నప్పుడు, మేనకోడలు మందులకి వెళ్ళిన సమయం చూసి చెప్పింది. పెళ్ళి తను చూడలేనని, దాని గురించి నన్ను ఏడవొద్దంది. భోజనం దగ్గర మాత్రం మొహమాటపడొద్దంది.

"పెళ్ళికూతుళ్ళెవరూ తినర్రా. అందరికీ నమస్కారాలు పెట్టి పెట్టి ఆకలితో ఇంటికెళ్తారు. నేనూ అలాగే వెళ్ళాను. ఇది మాత్రం కడుపునిండా తినాలి. అది నువ్వు చూసుకో."

నేను సరేనన్నాను. సరే అనడం నాకు చిన్నప్పటినుంచీ బాగా వచ్చు.

మేనకోడలు కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. వాళ్ళ నాన్న, అంటే మా బావ, ఆ పిల్ల బళ్ళో చదివేటప్పుడే పోయాడు. అక్క పోయాక మా ఇంట్లోనే ఉంటోంది. ఆ రోజునుంచి వంటింట్లో గట్టుకి ఆనుకుని, కంచం చేత్తో పట్టుకుని, నిలబడే తింటుంది. కూర్చోమ్మా అంటే, "అయిపోయింది మామయ్యా" అంటుంది. కంచంలో ఏదీ అయిపోయి ఉండదు.

అందుకే నా పథకం. పెళ్ళివారిమని చెబితే వాళ్ళు మంచిది వండి పెట్టి మోసం చేస్తారు. మామూలు మనుషుల్లా వెళ్ళి తిని వస్తే అసలు రంగు బయటపడుతుంది. ఇదంతా చెబితే మా ఆవిడ ఉల్లిపాయ తరుగుతున్న కత్తి ఆపి నా వైపు చూసింది.

"బయటపడ్డాక ఏం చేస్తారు?"

"బాగాలేదని చెబుతాను."

"ఎవరూ, మీరా?"

ఆ సాయంత్రం నాకు తర్ఫీదు మొదలైంది. మా ఆవిడ భుజాన తువ్వాలు వేసుకుని వెయిటర్ అయింది. నా ముందు కూర పెట్టింది. తిన్నాను. "ఎలా ఉంది సార్?" అని అడిగింది.

"బాగుంది," అన్నాను.

"అందులో ఉప్పు వెయ్యలేదు."

కొంచెం తక్కువైందనుకున్నానని సర్దబోయాను. తక్కువ కాదు, కావాలనే అసలు వెయ్యలేదని చెప్పింది. తువ్వాలు భుజం మీదనుంచి తీసి మడత పెట్టింది.

"ఇన్నేళ్ళుగా నా వంట బాగుందంటున్నారు. ఆ మాటలన్నీ ఇప్పుడు తిరగేసి చూసుకోవాలి కాబోలు."

తర్ఫీదు అక్కడితో ఆగిపోయింది. ఆ రాత్రి కూరలో ఉప్పు రెండింతలు పడింది. ఎలా ఉందని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం హోటలుకి వెళ్ళాం. బయట రంగు కొత్తది, లోపల గాలి పాతది. మాకిచ్చిన బల్లకి ఒక కాలు పొట్టి. నేను మోచెయ్యి ఆనిస్తే నా వైపు ఒరిగేది, మా ఆవిడ ఆనిస్తే ఆవిడ వైపు. మా సంసారంలో ఇంత న్యాయంగా ఒరిగిన వస్తువు మరొకటి లేదు.

వెయిటర్ ముఖంలో ఏ భావమూ లేదు. చేప అడిగితే "అయిపోయింది" అన్నాడు. కోడికూర అయిపోయింది. కాయగూరల పులావు అయిపోయింది. ఏముందని అడిగితే లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి, సూపు, అన్నం, బంగాళాదుంప కూర ఉన్నాయన్నాడు. మా ఆవిడ వాడికి అక్కడికక్కడే అయిపోయిందిగారు అని పేరు పెట్టింది.

సూపు చాలాసేపటికి వచ్చింది. అది వేడిగా లేదు, చల్లగానూ లేదు, ఎవరో సగం తాగి వదిలేసినట్టుంది. నా నెత్తిమీద ఏసీ నుంచి చుక్కలు సరిగ్గా గిన్నెలోకే పడుతున్నాయి. తాగినకొద్దీ నిండుతోంది. అన్నం గరిటె ఆకారంలో గట్టిపడి కంచంలో కూర్చుంది. బంగాళాదుంప కూర ముందురోజుదని నేనన్నాను. "మర్యాదగా చెబుతున్నారు," అంది మా ఆవిడ.

ఇంతలో మేనేజర్ వచ్చాడు. అతని జేబులో అన్నిటికీ ఒకటే మందు ఉండేది, సర్దుకుందాం అనే మాట. బల్ల ఊగుతోందంటే సర్దుకుందామన్నాడు. ఏసీ కారుతోందంటే సర్దుకుందామన్నాడు. అతనికి సర్దుబాటుగారు అని పేరు స్థిరపడిపోయింది. అతను రెండు చేతులూ కట్టుకుని, నా ముఖంలోకి ఆశగా చూస్తూ అడిగాడు.

"ఎలా ఉంది సార్ భోజనం?"

మా ఆవిడ బల్ల కింద నా కాలు తన్నింది. తన్ను బల్ల పొట్టికాలికి తగిలింది. సూపు నా ఒళ్ళో పడింది.

"బాగుంది," అన్నాను.

అతని ముఖం వెలిగిపోయింది. యజమాని హోటలు కొత్తగా తీసుకున్నాడట, జనం రావడం లేదట, నాలాంటి పెద్దమనిషి నోటివెంట ఆ ఒక్క మాట వీడియోగా తీసుకుంటే తన ఉద్యోగం నిలబడుతుందట. ఏం చేస్తుంటారని అడిగాడు. ఆ తర్వాత జరిగినదాన్ని నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నా మార్చలేకపోయాను. ఒళ్ళో సూపుతో, ఫోను వైపు తిరిగి, తరగతిలో పాఠం చెప్పే గొంతుతో, నేను ఉపాధ్యాయుణ్ణని, ఇక్కడ భోజనం చాలా బాగుందని చెప్పాను. చాలా అన్న మాట అతను అడగలేదు. నేనే వేశాను.

ఇంటికెళ్తూ మా వీధి మలుపు తిరిగాక మా ఆవిడ నెమ్మదిగా అంది.

"ఆ మాట వింటే నాకు భయమేస్తుందండీ. తెలుసు కదా మీకు."

తెలుసు. అక్కని చివరిసారి హోటలుకి తీసుకెళ్ళింది ఆస్పత్రికి ఎదురుగా ఉన్న చిన్న దాంట్లోకి. అప్పటికి గొంతు దిగడం కష్టంగా ఉంది. అయినా వెళ్దామని తనే పట్టుబట్టింది. మా అందరికీ సూపు వచ్చింది. బూడిదరంగులో, పైన మీగడ కట్టి, చల్లగా. నేనూ మా ఆవిడా అలవాటుగా పైకప్పు చూడడం మొదలుపెట్టాం. అక్క ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. వెయిటర్ వచ్చి ఎలా ఉందమ్మా అని అడిగాడు.

"బాగుంది నాయనా," అంది అక్క.

మా ఆవిడ చెంచా కింద పెట్టేసింది. మేనకోడలు తల వంచుకుంది. డాక్టర్లు కాగితాల మీద ఏమేమో రాశారు గానీ, ఆ మాట వినేదాకా నేను నమ్మలేదు.

వారం తర్వాత మేనకోడలు హాలు చూడాలంది. నాకూ అదే కావలసింది. వంట మార్చకపోతే హాలే మార్చుకుంటామని సర్దుబాటుగారితో తెగేసి చెప్పాలని, ఆ మాటల్ని దారంతా మనసులో పాఠంలా వల్లె వేసుకుంటూ వెళ్ళాను.

గుమ్మంలో అడుగు పెట్టగానే నా గొంతు వినిపించింది. ఎదురు గోడమీద పెద్ద టీవీలో నేనున్నాను. ఒళ్ళో సూపు కనపడకుండా నడుము పైనుంచి తీశారు. నేను ఉపాధ్యాయుణ్ణి, ఇక్కడ భోజనం చాలా బాగుంది. ఆగడం, మళ్ళీ మొదలవడం. టీవీ కింద సోఫాలో ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. వాళ్ళమ్మాయి పెళ్ళికి హాలు చూసుకోవడానికి వచ్చారట. ఆయన నన్ను పోల్చుకుని లేచి నిలబడ్డాడు.

"మీ మాట మీదే ఖాయం చేశామండీ. బళ్ళో పంతులుగారు అబద్ధం చెబుతారా?"

మా ఆవిడ వెంటనే పైకప్పు వైపు చూసింది. అక్కడ ఫ్యానులు కూడా లేవు.

పైన హాలు ఇంకా దిగులుగా ఉంది. గోడ ఒక మూల చెమ్మ పట్టి, రంగు పొక్కులు లేచింది. వేదికకి ఒక పలక లేదు. సర్దుబాటుగారు అక్కడ పూలకుండీ పెట్టి సర్దుకుందామన్నాడు. పూలకుండీ ఆ కంతలోంచి కిందికి పోతుందని నేనన్నాను. అయితే పెద్ద కుండీ పెడదామన్నాడు.

ఇదే సమయమనుకుని నోరు తెరిచాను. మేనకోడలు హాలు మధ్యకి నడిచి వెళ్ళి నిలబడింది. అటూ ఇటూ చూసి రెండడుగులు పక్కకి జరిగింది.

"అమ్మ నిలబడింది ఇక్కడే మామయ్యా. ఇంటికొచ్చి చెప్పింది. కిటికీ ఎడమచేతి వైపు ఉంటుందని." నా వైపు తిరిగి, "హాలు మార్చొద్దు," అంది.

వల్లె వేసుకున్న పాఠమంతా మరిచిపోయాను. సర్దుబాటుగారు నా వైపు చూశాడు. సర్దుకుందాం అన్నాను. ఈసారి ఆ మాట అన్నది నేనే.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. హాలు మార్చడానికి లేదు, వంట బాగాలేదనడానికి నోరు లేదు, ఆ నోరు టీవీలో పొద్దస్తమానం బాగుందంటోంది. అప్పుడు నాకు రెండో పథకం తట్టింది. మొదటిది ఎలా ముగిసిందో చూశాక కూడా తట్టిందంటే అది నా తప్పు కాదు, నా బుర్ర తప్పు.

మా బళ్ళో బొమ్మల మాస్టారికి తిండి మీద మంచి పట్టు ఉంది. నది అవతలి ఒడ్డున ఒక హోటలుందని, వాళ్ళ భోజనానికి తిరుగులేదని చెప్పాడు. ఫోను చేసి, పెళ్ళిరోజుకి ఆ హోటలువాళ్ళతో భోజనం మాట్లాడేశాను. హాలువాళ్ళ వంట వచ్చే వేళకే వీళ్ళ వంట కూడా ముందు తలుపు దగ్గరికి రావాలి. హాలువాళ్ళ గిన్నెలు వెనక్కి నెట్టి ఇది వడ్డించడం, అక్క మాట నిలబెట్టడం, అదంతా అయ్యాక మా ఆవిడ వచ్చి ఎలా చేశారండీ అని అడగడం. ఆ చివరిదాన్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

ఇంట్లో ఈ విషయం దాచడం అనుకున్నంత కష్టం కాలేదు. మా ఆవిడ కూడా సాయంత్రాలు ఇంట్లో ఉండడం మానేసింది. పెళ్ళి బట్టలు కుట్టించే పనంది. తిరిగి వచ్చేసరికి చీరంతా వేయించిన ఉల్లిపాయల వాసన. దర్జీ దుకాణం పక్కన తిండి అంగడి ఉండి ఉంటుందనుకున్నాను. ఎన్ని జాకెట్లు కుట్టిస్తున్నావని అడిగాను.

"మీరు ఫోనులో ఎవరితో గుసగుసలాడుతున్నారో నేనడిగానా?" అంది.

న్యాయమే అనిపించి ఊరుకున్నాను. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది, నా పరువు కాస్త మిగిలేది.

పెళ్ళిరోజు మధ్యాహ్నం పెళ్ళి సవ్యంగా జరిగింది. పెద్ద కుండీ కంతలో పడలేదు, సగం దిగి ఇరుక్కుని పలకలా పనికొచ్చింది. పెళ్ళికొడుకు నెమ్మదైనవాడు, నా మేనకోడలు షాపులో కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి అవసరానికి మించి చాలాసార్లు వచ్చినవాడు. కిటికీ ఎడమచేతి వైపు ఉండేలా పెళ్ళికూతురి కుర్చీ వేశారు. ఎవరు వేయించారో నేనడగలేదు. ఆ పిల్ల ముఖం చూసి కిందికి దిగి వచ్చేశాను.

భోజనాల వేళ దగ్గర పడింది. అవతలి ఒడ్డు వ్యాను రాలేదు. రోడ్డు మలుపు కనిపించేలా హాలు పక్కసందులోకి వెళ్ళి నిలబడ్డాను. సందులో వంటగది వెనక తలుపు ఉంది. లోపలినుంచి ఇద్దరు మనుషులు పెద్ద పెద్ద గిన్నెలు మోసుకొచ్చి అక్కడ ఆగిన వ్యానులో పెడుతున్నారు. ఒక గిన్నె మూత మీద సొట్ట ఉంది. మన వంటని వీళ్ళు ఇంకెవరికో అమ్ముకుంటున్నారు కాబోలు, ఎవరికి పడుతుందో పాపం అనుకున్నాను.

వ్యాను బయలుదేరింది. సందు దాటింది, రోడ్డెక్కింది, మలుపు తిరిగింది, హాలు ముందు తలుపు దగ్గర ఆగింది. డ్రైవర్ దిగి నన్ను చూసి, అవతలి ఒడ్డు హోటలునుంచి మాస్టారి భోజనం అన్నాడు. సొట్ట మూత గిన్నె ముందు దింపాడు.

నేను ఆ గిన్నె వైపు, అతని వైపు చూశాను.

"ఇది ఈ వెనకనుంచే కదయ్యా వచ్చింది?"

"అవును సార్. పెద్ద ఆర్డర్లయితే వాళ్ళు ఇక్కడే చేయించుకుంటారు. వాళ్ళకి అంత వంటగది ఎక్కడుంది?"

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఏమిటో పిల్లలకి చాలాసార్లు వివరించాను. ఉదాహరణ ఇప్పుడు దొరికింది. అక్క కూతురి పెళ్ళికి ఒక చెడ్డ భోజనం సరిపోదని నేను రెండు ఏర్పాటు చేశాను. చేసేదేమీ లేక, మా ఆవిడకి చెప్పి తిట్లు తిని తేలిక పడదామని వెతికాను. పైన లేదు. కింద లేదు. వంటగదిలో ఉందని అయిపోయిందిగారు చెప్పాడు. జీవితంలో అతను ఉందని చెప్పింది అదొక్కటే.

పట్టుచీర చెంగు నడుముకి బిగించి, బోర్లించిన పెట్టె మీద మా ఆవిడ కూర్చుని ఉంది. ఒక పక్క వంటమనిషి, ఇంకో పక్క సర్దుబాటుగారు. ముగ్గురి ముందూ కంచాలు. ముగ్గురూ తింటున్నారు.

"రండి. మీరొక్కరే తక్కువ," అంది మా ఆవిడ. "మీ రెండో భోజనం అందిందా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. అవతలి ఒడ్డు ఆర్డరు మాస్టారి పేరుతో ఈ వంటగదికే వచ్చినరోజు తను ఇక్కడే కూర్చుని ఉందట. వద్దనలేదట. ఎక్కువైతే ఎవరూ ఆకలితో వెళ్ళరు కదా అనుకుందట. మేనకోడలితో హాలు చూసొచ్చిన మర్నాటినుంచీ ప్రతి సాయంత్రం హోటల్లో గిరాకీ ఉండే వేళకి వచ్చి, అందరికీ కనపడే బల్ల దగ్గర కూర్చుని, ఏదో ఒకటి తెప్పించి, అక్క చెప్పే మాటే చెప్పిందట. మొదటిరోజు సర్దుబాటుగారు సర్దుకుందామన్నాడు. సరే, ఆ టీవీలో మాస్టారి భార్యను నేనే, నన్నూ ఒక వీడియో తియ్యండి అంది. అతను పరిగెత్తుకెళ్ళి వంటమనిషిని తీసుకొచ్చి, తనూ కూర్చున్నాడు.

వంటమనిషి నా వైపు చూసి ఇబ్బందిగా నవ్వాడు. పాతవాళ్ళ కాలంనుంచీ ఉన్నాడట. హాలు చేతులు మారాక అన్నిట్లో కోత పెట్టడంతో మనసు విరిగి, వండడం తప్ప రుచి చూడడం మానేశాడట.

"నాకు ఇంటినుంచి డబ్బా వచ్చేది సార్. అమ్మగారు నా కూర నాకే పెట్టారు. జనం ఎందుకు రావట్లేదో ఆ రోజు తెలిసింది."

నాకెందుకు చెప్పలేదని మా ఆవిడని అడిగాను. అడిగినందుకు సిగ్గుపడ్డాను.

"చెబితే మీరూ వస్తారు. వచ్చి, ఈయన ముఖం చూసి బాగుందంటారు." కంచంలో అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అంది. "మీ అక్క కూడా ఈయన్ని పిలిచింది. హాలు చూడ్డానికి వచ్చినరోజు. ఏమందో చెప్పవయ్యా."

వంటమనిషి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రెండోసారి పంపిన సూపు బాగానే ఉందన్నారండి. ఒక్కదాన్నే తినలేక పిలిచానన్నారు. మా పిల్లల గురించి అడిగారు. నేను తినేదాకా కూర్చున్నారు."

పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది.

"పోట్లాడ్డానికి పిలుస్తుందనుకున్నాను ఇన్నేళ్ళూ," అంది మా ఆవిడ. "మనమేమో పైకప్పు చూస్తూ కూర్చునేవాళ్ళం. మరి వదినతో కూర్చుని తిన్నదెవరండీ?"

తీసుకెళ్ళి గిన్నెలు పైకి చేర్పించమంది. చేర్పించాను.

ఆ రోజు పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ రెండు భోజనాలు వడ్డించారు. ఆకలితో వెళ్ళినవాళ్ళు లేరు గానీ, మెట్లు దిగలేక కూర్చుండిపోయినవాళ్ళు ఉన్నారు. బొమ్మల మాస్టారు రెండూ శ్రద్ధగా తిని, హాలువాళ్ళది ఫరవాలేదు గానీ అవతలి ఒడ్డువాళ్ళ చెయ్యే వేరని నా చెవిలో చెప్పాడు. నేను తల ఊపాను. పాసు చేశాను.

పెళ్ళికూతురిచేత ఎవరూ నమస్కారాలు పెట్టించకుండా మా ఆవిడ ముందు నిలబడి కాపు కాసింది. పట్టుచీరలో ఆవిడ ఉల్లిపాయల వాసనకి చుట్టాలు కూడా రెండడుగులు దూరంగానే ఉన్నారు. మేనకోడలు కుర్చీలో కూర్చుని, సూపు ఒక చెంచా నోట్లో పెట్టుకుని కాసేపు అలాగే ఉంచుకుంది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ఆ పిల్ల నోట్లోంచి ఏ మాట రాకూడదో నాకు తెలుసు.

"అమ్మయితే ఒక్కసారే తిప్పి పంపేది మామయ్యా," అంది.

తర్వాత అన్నం తింది. కూర మళ్ళీ వడ్డించమంది. కూర్చునే తింది, కంచం ఖాళీ అయ్యేదాకా.

మర్నాటికి మేనకోడలు అత్తవారింటికి వెళ్ళిపోయింది. సొట్ట మూత గిన్నె మా ఇంటికి వచ్చింది. అందులో ఇంకా చాలా మిగిలింది. మధ్యాహ్నం మా ఆవిడ వేడి చేసి నాకు వడ్డించి, ఎప్పటిలాగే పొయ్యిగట్టుకి ఆనుకుని నిలబడింది. నేను తిని లేచాకే తను తింటుంది. మా పెళ్ళయిన నాటినుంచీ అంతే. ఆ గట్టు దగ్గర, అదే చోట, మొన్నటిదాకా ఇంకో మనిషి నిలబడి తినేది.

"ఎలా ఉంది?" అంది మా ఆవిడ.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపాను. చెంచా పక్కన పెట్టాను.

"బాగాలేదు. వండినవాళ్ళు వచ్చి నాతో కూర్చుని తినాలి."

"వండింది నేను కాదు. వేడి చేశానంతే."

"వేడి చేసినవాళ్ళయినా సరే."

చాలాసేపు నా వైపు చూసింది. తర్వాత కంచం తెచ్చుకుని, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక ముద్ద తింది. ఇంకోటి తింది.

"ఉప్పు సరిగ్గానే ఉంది కదండీ?"

"సరిగ్గానే ఉంది."

"మరి?"

అలవాటుగా పైకప్పు వైపు చూడబోయాను. ఆగి, ఆవిడ వైపు చూశాను. ఆవిడ గరిటె తీసుకుని నా కంచంలో ఇంకాస్త వేసింది.

"తినండి," అంది.